తేడా లేదనే చెన్నకేశవులు సారు

మార్కాపురంలో చెన్నకేశవులు సారు ముందు కూర్చుని, రెండిట్లో ఇది మేలు, అది కాదు అని చెప్పి క్షేమంగా బయటపడినవాళ్ళు ఎవరూ లేరు. అది వంకాయ కావచ్చు, వరుడు కావచ్చు, వైద్యుడు కావచ్చు. సారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎదుటిమనిషిని జాలిగా చూసి, "ముందు రెండిటికీ తేడా ఏమీ లేదనుకుందాం నాయనా" అంటారు. ఇక ఆ మనిషి తేడా ఉందని రుజువైనా చెయ్యాలి, అన్న మాట వెనక్కైనా తీసుకోవాలి. చాలామంది ఈ రెండూ చెయ్యకుండా, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చామని చెప్పి లేచిపోతారు.

ఆయన డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. ఆ సబ్జెక్టులో ఏ పరీక్షైనా ఇట్లాగే మొదలవుతుంది. తేడా లేదని అనుకోవాలి, లెక్క కట్టాలి, లెక్క ఒప్పుకోకపోతే అప్పుడు తేడా ఉందనాలి. మిగతా లెక్చరర్లు ఈ సంగతి క్లాసులో చెప్పి, బోర్డు తుడిచి, ఇంటికి పోయి మామూలు మనుషుల్లాగా బతుకుతారు. చెన్నకేశవులు సారుకి ఆ సదుపాయం లేదు.

ఒకసారి కూరగాయల మార్కెట్లో ఒకామె రెండు గంపల వంకాయలు చూపించి, "ఇవి కంభం కాయలు సారూ, అవి పొదిలివి. కంభం కాయ వెన్న మాదిరి ఉడుకుతాది" అంది. పాపం ఆమెకి ఈయన సంగతి తెలియదు. సారు రెండు గంపల్లోనూ అరకిలో చొప్పున కొని ఇంటికి తెచ్చారు. రెండు గిన్నెల్లో విడివిడిగా వండమని, ఏ గిన్నెలో ఏ కాయో తనకి చెప్పొద్దని భార్య కృష్ణవేణమ్మకి అప్పగింతలు పెట్టి, కళ్ళు మూసుకుని పీట మీద కూర్చున్నారు. ఆమె ఇట్లాంటివి చాలా చూసింది. రెండు రకాలూ ఒకే దబరలో వేసి వండి, రెండు గిన్నెల్లోకి సర్దింది. సారు దీన్ని తిని, నీళ్ళు పుక్కిలించి, దాన్ని తిని, మళ్ళీ పుక్కిలించి, "తేడా లేదు" అని తేల్చారు.

"ఉంటే గదా. రెండూ ఒక కూరే" అంది కృష్ణవేణమ్మ.

కోప్పడతారేమోనని ఆమె ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. సారు ముఖం మాత్రం వెలిగిపోయింది. "అంటే నా నాలుక సరిగ్గానే పనిచేస్తాంది" అని, ఆ సంతోషంలో మిగిలిన కూరంతా ఊడ్చేశారు.

పెళ్ళి సంబంధాల దగ్గరికి ఆయన్ని పిలవడం ఊళ్ళో ఎప్పుడో మానేశారు. కాలేజీ లైబ్రేరియన్ అబ్రహాము కూతురికి ఒకేసారి రెండు సంబంధాలు వస్తే, చదువుకున్న మనిషి గదా అని సారుని సలహా అడిగాడు. సారు అలవాటు ప్రకారం ఇద్దరికీ తేడా లేదనుకుందామన్నారు.

"ఎట్ల లేదనుకునేది సారూ? ఒక పిల్లోడికి ఇరవై ఏడు. రెండో ఆయనకి నలభై దాటినాయి."

"వయసులో తేడా ఉందయ్యా, ఒప్పుకుంటా. మొగుడిగా తేడా ఉంటాదని ఎవరు చూసినారు?"

"చూడాలంటే పెళ్ళి చెయ్యాల గదా సారూ."

"అదే గదా ఇబ్బంది" అని సారు నిజంగానే బాధపడ్డారు. అబ్రహాము పిల్లని ఇరవై ఏడేళ్ళ అబ్బాయికే ఇచ్చాడు. సారుకి పెళ్ళి కార్డు మాత్రం అందరికంటే ఆలస్యంగా, బాగా ఆలోచించి ఇచ్చాడు.

ఇంట్లో, బజారులో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కాలేజీ సెమినార్లో సారు చెయ్యి లేచిందంటే స్టేజీ మీద ఉన్నవాళ్ళకి నోరు ఎండిపోయేది. అందుకని ప్రిన్సిపాల్ కరుణాకరం గారు ఎప్పుడు సెమినార్ పెట్టినా, సరిగ్గా ఆ గంటకే సారుకి ఎక్కడో ఒకచోట పరీక్షల డ్యూటీ పడేది. అదేదో అట్లా కుదిరిందని ప్రిన్సిపాల్ అనేవారు. "కుదిరిందనే అనుకుందాం ముందు" అని సారు కండువా సర్దుకుని డ్యూటీకి పోయేవారు.

అట్లాంటి మనిషి ఒక శుక్రవారం సాయంత్రం, పిల్లలంతా వెళ్ళిపోయాక, డిపార్ట్‌మెంటులో ఒక్కతే కూర్చున్న స్టెల్లా దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

స్టెల్లాది కంభం పక్కన పల్లె. తల్లి మగ్దలీనమ్మ, తండ్రి ఏసురత్నం కూలికి పోయి ఆమెను చదివించారు. డిగ్రీలో ఈ సారు దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఇదే కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పనిచేస్తూ, ప్రిన్సిపాల్ గారి కింద పీహెచ్‌డీ చేస్తోంది. సోమవారం ఆమె సెమినార్. యూనివర్సిటీ నుంచి హేమలత మేడం వచ్చి విని, సరేనంటే థీసిస్ ఇవ్వొచ్చు. కాదంటే ఇక అంతే, ఎందుకంటే ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఇప్పటికే పెంచగలిగినంతా పెంచారు. ఇంకోసారి పెంచరు. ఇన్నేళ్ళ చదువూ గాలికి పోతుంది. ఆ భయంతో ఆమెకి కొంతకాలంగా తిన్నది ఒంటబట్టడం లేదు.

ఆమె పరిశోధన ఒకటో తరగతి పిల్లల మీద. చుట్టుపక్కల బళ్ళలో కొంతమంది పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దారు, కొంతమంది నోట్‌బుక్కులో, ఇంకొంతమంది ఫోన్లో వేలితో గీసి. ఏడాది చివర అందరికీ ఒకే డిక్టేషన్ పెట్టి స్టెల్లా మార్కులు వేసింది. ఆ మార్కులన్నీ కంప్యూటర్లో వేస్తే, ఫోన్ పిల్లలకంటే పలక పిల్లలకి ఎంత ఎక్కువ వచ్చిందో, నోట్‌బుక్ పిల్లలకి ఎంత ఎక్కువ వచ్చిందో చెప్పి, పలక పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెట్టింది. నోట్‌బుక్ పక్కన పెట్టలేదు. తేడా లేకపోయినా ఇట్లాంటి అంకె గాలివాటంగా వచ్చే అవకాశం 0.05 కంటే తక్కువైతే ఆ నక్షత్రం పడుతుంది. అది ఉంటే ఆ తేడా ఏదో గాలివాటంగా వచ్చింది కాదని లెక్క. జాతకాలు నమ్మని లెక్చరర్లు కూడా ఈ నక్షత్రాన్ని మాత్రం కళ్ళకద్దుకుంటారు.

స్టెల్లా కూడా కళ్ళకద్దుకుని, నోట్‌బుక్ కంటే పలకే మేలని రాసేసింది, థీసిస్‌కి ఆ పేరే పెట్టింది. పలకలు చేసే ఊళ్ళో ఈ మాట దాగుతుందా? పలకల తయారీదారుల సంఘం అధ్యక్షుడు వెంకటసుబ్బయ్య గారి చెవిన పడింది. సెమినార్ హాల్లోనే సన్మానం అన్నారు. శాలువా కొన్నారు. బస్టాండు దగ్గర బ్యానర్ కట్టించారు. అందులో "పలకే మేలని నిరూపించిన పరిశోధకురాలు కుమారి స్టెల్లా గారికి స్వాగతం" అని రాసి, ఆమె ఫోటో పక్కన పలక ఫోటో వేశారు. పలకే కాస్త పెద్దదిగా పడింది.

"నీ థీసిస్ చదివినానమ్మా" అన్నారు సారు.

తప్పులుంటే చెప్పండి సార్ అని, లెక్కలున్న పెన్‌డ్రైవ్‌తో సహా ఇచ్చింది తనే. స్పెల్లింగు తప్పులని ఆమె ఉద్దేశం.

"నోట్‌బుక్కు కంటే పలక మేలన్నావు."

"అవును సార్. పలకకి 0.03 వచ్చింది, నక్షత్రం పడింది. నోట్‌బుక్‌కి 0.08. పడలేదు."

"ముందు పలకకీ నోట్‌బుక్కుకీ తేడా లేదనుకుందాం."

"కంప్యూటరే చెప్పింది గదా సార్."

"కంప్యూటర్ని నువ్వేం అడిగినావు?"

నిజానికి స్టెల్లా ఏమీ అడగలేదు. కంప్యూటరే తనంతట తాను ప్రతి అంకెనీ పట్టుకుని, నువ్వు సున్నావా కాదా అని అడుగుతుంది. అడగమన్నా అడగొద్దన్నా అడిగి, జవాబులు వరసగా పడేస్తుంది.

"పలకకీ ఫోనుకీ తేడా ఉందా అని అడిగింది. నోట్‌బుక్కుకీ ఫోనుకీ ఉందా అని అడిగింది. పలకకీ నోట్‌బుక్కుకీ ఉందా అని అదెక్కడ అడిగిందమ్మా? అవి దాని ప్రశ్నలు. నీ ప్రశ్న నువ్వు రాసుకోవాల."

"కానీ సార్, ఒకదానికి నక్షత్రం ఉంది, ఇంకోదానికి లేదు."

"పాస్ మార్కు ముప్పై ఐదు. నీకు ముప్పై ఆరొచ్చినాయి, నీ పక్కపిల్లకి ముప్పై నాలుగొచ్చినాయి. నువ్వు పాసు, ఆ పిల్ల ఫెయిలు. అందుకని ఆమెకంటే నువ్వు తెలివిగలదానివని బస్టాండులో బ్యానర్ కట్టిస్తే బాగుంటాదా?"

"మీరు చేసి చూసినారా సార్?"

"లేదు. జవాబు తెలిసిన ప్రశ్న నేనెవర్నీ అడగను. తెలిసి అడిగితే అది ప్రశ్న కాదు, పెత్తనం" అని సారు లేచారు. "ఒక్క లైనే గదా. పలక ఈజ్ ఈక్వల్ టు నోట్‌బుక్కు అని రాసి చూడు" అని, కుర్చీని మళ్ళీ ఉన్నచోటే పెట్టి వెళ్ళిపోయారు.

స్టెల్లా ఆ లైను రాసింది. 0.65 వచ్చింది. రెండిటికీ తేడా ఉందనడానికి ఆధారం బొత్తిగా లేదని దానర్థం. ఆమె నమ్మలేక, ఈసారి తిప్పి నోట్‌బుక్ ఈజ్ ఈక్వల్ టు పలక అని రాసింది. మళ్ళీ 0.65 వచ్చింది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ పెట్టి, దణ్ణం పెట్టినంత పని చేసి, ఇంకోసారి రాసింది. ఆ అంకె దాని చోటునుంచి కదల్లేదు.

శనివారం పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి పోయి సంగతి చెప్పింది. కరుణాకరం గారు చెడ్డమనిషి కాదు, భయస్థుడు. లేచి తలుపు దగ్గరికి వేశారు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మీకు, నాకు, చెన్నకేశవులు సారుకి."

"అయితే ఇద్దరికే తెలుసనుకో. సోమవారం గిద్దలూరులో ప్రాక్టికల్స్ ఉన్నాయి. ఆయన్ని ఎగ్జామినర్‌గా పంపిస్తా."

"హేమలత మేడం అడిగితే సార్?"

"ఆమె డ్రాఫ్ట్ చదివింది గదమ్మా. ఏమీ అనలేదు. నక్షత్రం చూపించు, దిగిపో. ఇప్పుడు పేరు మారుస్తామంటే మళ్ళీ కమిటీ అంటారు, అప్పటికి నీ గడువు ఉండదు. ఆలోచించుకో."

ఆలోచించడం తప్ప ఆమె చేస్తున్న పని ఇంకేముంది? గదికి వచ్చేలోగా వెంకటసుబ్బయ్య గారు ఫోన్ చేశారు. "అమ్మా, ఆ బ్యానర్లో నీ పేరుకి ముందు డాక్టర్ అని పడలేదు. ఇంకోటి కొట్టించమంటావా?" అని అడిగారు. వద్దండీ అంటే, "ఎంత వినయమో" అని పక్కనున్నవాళ్ళతో అనడం కూడా ఫోన్లో వినిపించింది.

ఆయన పెట్టేశాక తల్లి చేసింది. "రేపు చర్చిలో నీకోసం ప్రార్థన పెట్టించినాం. పాస్టరుగారు పలక పట్టుకోని ప్రార్థన చేస్తానన్నాడు. సోమవారం పొద్దున బండికి నేనూ నాయనా వస్తాండం."

"రావద్దులేమ్మా. ఇంగ్లీషులో చెప్తాను, మీకు అర్థం గాదు."

"నువ్వు నిలబడితే చూసేదానికి ఇంగ్లీషెందుకు?" అంది మగ్దలీనమ్మ. మళ్ళీ గొంతు తగ్గించి, "మేం అట్లాంటి చోటుకి వస్తే నీకు నామోషీగా ఉంటాదా?" అని అడిగింది.

"అట్లంటావేందమ్మా. రాండి" అని స్టెల్లా ఫోన్ పెట్టేసి, మంచం మీద కూర్చుని ఏడ్చింది. చెన్నకేశవులు సారు మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆ శుక్రవారం సాయంత్రం ఆయన తిన్నగా ఇంటికి పోయి వంకాయలో బీరకాయలో తింటూ కూర్చుని ఉంటే ఎవరికి నష్టం? ఇన్నేళ్ళ శిష్యురాలు, గడువు ముందు నిలబడి వణుకుతుంటే, ఆయనకి పలకకీ నోట్‌బుక్కుకీ తేడా కావాల్సి వచ్చింది. ఆదివారమంతా ఆయన దగ్గర్నుంచి ఒక ఫోన్ వస్తుందేమోనని చూసింది. ఓదార్పుగా ఒక మాటంటే చాలుననుకుంది. రాలేదు.

ఆ రోజు ఆమె రెండు రకాల ప్రజెంటేషన్లు తయారుచేసింది. ఒకదాంట్లో నక్షత్రం, ఇంకోదాంట్లో 0.65. ఏది చూపించాలో తేల్చుకోలేక రెండూ పెట్టుకుని పోయింది.

సోమవారం హాలు నిండిపోయింది. ముందు వరసలో హేమలత మేడం, ఆమె పక్కన ప్రిన్సిపాల్, ఆయన పక్కన ఒళ్ళో శాలువా పెట్టుకుని వెంకటసుబ్బయ్య గారు. రెండో వరసలో అంచు కుర్చీల్లో మగ్దలీనమ్మ, ఏసురత్నం. ఆమె కొత్త చీర కట్టింది, ఆయన మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. స్టెల్లా హాలంతా రెండుసార్లు వెతికి చూసింది. చెన్నకేశవులు సారు లేరు. గిద్దలూరు పోయారన్నమాట. ఆమెకి ఊపిరి తేలికపడింది, ఆ వెంటనే ఆ తేలికపడినందుకు సిగ్గేసింది. నక్షత్రమున్న ప్రజెంటేషనే తెరిచింది.

మొదటి సగం బాగానే చెప్పింది. బళ్ళ గురించి, పిల్లల గురించి, డిక్టేషన్ గురించి. తెర మీద నక్షత్రం వచ్చింది. వెంకటసుబ్బయ్య గారు శాలువా మడత విప్పడం మొదలుపెట్టారు. ఇక ఒక్క వాక్యం చెబితే అయిపోతుంది. "నోట్‌బుక్ కంటే పలక" దాకా వచ్చి ఆమె ఆగిపోయింది. మిగతా సగం బదులు, తను అనుకోకుండానే, తెలుగులో, "ముందు రెండిటికీ తేడా లేదనుకుందాం" అనేసింది.

హాలంతా గొల్లున నవ్వింది. సారుని అనుకరిస్తోందనుకున్నారు. స్టెల్లా నవ్వలేదు. రెండో ప్రజెంటేషన్ తెరిచి 0.65 చూపించి, పలకకీ నోట్‌బుక్కుకీ తేడా ఉందని తన లెక్కల్లో ఎక్కడా లేదని, తను నక్షత్రం చూసి పొరపాటు పడ్డానని, ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. వెంకటసుబ్బయ్య గారు శాలువా మళ్ళీ మడత పెట్టారు.

హేమలత మేడం కాసేపు కాగితాలు తిరగేశారు. "మంచిదమ్మా. డ్రాఫ్ట్ చదివినప్పుడు నేను కూడా ఇది పట్టుకోలేదు. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటున్నా. కానీ నీ థీసిస్ పేరే పలక మేలని. ఆ మాట తీసేస్తే ఇందులో ఏం మిగిలింది?"

స్టెల్లా ప్రిన్సిపాల్ వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు. మగ్దలీనమ్మకి మాటలు అర్థం కాకపోయినా కూతురి ముఖం అర్థమైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టెల్లా బల్ల అంచు పట్టుకుంది. సరిగ్గా అప్పుడు హాలు చివర తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎవరిదో వెనక్కి తిరిగి చూడకుండానే అందరికీ తెలిసింది.

"సార్, మీకు గిద్దలూరులో..." అన్నారు ప్రిన్సిపాల్.

"పోయినాను. రెండో బ్యాచి ఇంకొకాయనకి అప్పజెప్పి బస్సెక్కినాను" అని చెన్నకేశవులు సారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నారు. "ముందు తేడా లేదనుకుందాం."

వెనక వరసలో ఎవరో పైకే నిట్టూర్చారు. ఉన్నది ఊడ్చుకుపోయింది, ఇప్పుడు ఇంకేం తేడా కావాలి ఈయనకి అని స్టెల్లా అనుకుంది. "దేనికీ దేనికీ సార్?" అని మాత్రం అడిగింది.

"పలకా నోట్‌బుక్కూ కలిపి ఒక పక్క. ఫోను ఒక పక్క. చేత్తో పట్టుకోని రాసిన పిల్లలకీ, అద్దం మీద వేలు జరిపిన పిల్లలకీ తేడా లేదనుకుందాం. పరిశోధన చేస్తానని నువ్వు మొట్టమొదట నా దగ్గరికొచ్చిన రోజు అడిగింది ఇదే గదమ్మా. నక్షత్రం చూసి మర్చిపోయినావు."

నిజమే. అక్క కొడుకు ఫోన్లో అక్షరాలన్నీ గీసేస్తాడు, బలపం ఇస్తే పట్టుకోలేడు, ఇట్లా ఎంతమంది ఉన్నారో చూడాలని ఆమె మొదలుపెట్టింది. ఆ తర్వాత నక్షత్రం వచ్చింది, ఊరు సంబరపడింది, ఆమె అసలు ప్రశ్న కాస్తా బ్యానర్ వెనక పడిపోయింది.

"ఇక్కడే చేసి చూపించగలవా?" అన్నారు హేమలత మేడం.

స్టెల్లా కంప్యూటర్ ముందు కూర్చుంది. హాలంతా తెరవైపు చూస్తోంది. పలకా నోట్‌బుక్కూ కలిపి, అందులో సగం, ఈజ్ ఈక్వల్ టు సున్నా, అంటే ఫోనుతో తేడా లేదని. తొందరలో ఒక అక్షరం తప్పు పడింది, తెర మీద ఎర్రగా తిట్టు వచ్చింది. మళ్ళీ రాసింది. ఇందులోనూ 0.65 లాంటిదేదైనా వస్తే ఇక తను ఆ స్టేజీ మెట్లు ఎట్లా దిగాలో ఆమెకి తెలియలేదు. కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

కళ్ళు తెరిచేలోగా హేమలత మేడమే పైకి చదివారు. "0.02. నక్షత్రం ఉంది."

మేడం ముందుకి వంగి, "ఇది నీ మొదటి ప్రశ్నేనా? ఇప్పుడు దొరికింది కాదుగా?" అని అడిగారు.

"మొదటిదే మేడం. నేను రిజిస్ట్రేషన్‌కి రాసిచ్చిన సినాప్సిస్ ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది."

"అయితే కమిటీ అక్కర్లేదు. వాళ్ళు ఒప్పుకున్న ప్రశ్నే ఇది. పేరు దానికి తగ్గట్టు మార్చి, ఈ రెండు లైన్లూ పెట్టి, నెలాఖరు లోపల ఇచ్చెయ్. పలకకీ నోట్‌బుక్కుకీ తేడా కనబడలేదని కూడా రాయి. దాచొద్దు."

స్టెల్లా తలూపింది. ఈలోగా వెంకటసుబ్బయ్య గారు శాలువా చంకలో పెట్టుకుని లేచారు.

"అమ్మా, మాకర్థమయ్యేటట్టు చెప్పు. పలక గెలిచినట్టా, ఓడినట్టా?"

"పలకా నోట్‌బుక్కూ ఒక జట్టండీ. ఫోను ఓడింది."

ఆయన కాసేపు తల పంకించారు. "మా దుకాణాలకి తాళాలేయిస్తాంది ఆ ఫోనే గదమ్మా" అని స్టేజీ ఎక్కి, శాలువా కప్పేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ప్రిన్సిపాల్ గారి చప్పుడే అందరికంటే గట్టిగా వినబడింది.

అందరూ వెళ్ళిపోయాక చెన్నకేశవులు సారు వచ్చి, మీ అమ్మనీ నాయననీ తీసుకుని భోజనానికి రమ్మన్నారు. ఏసురత్నం మొహమాటపడ్డాడు, సారు వినలేదు. ఇంట్లో అప్పటికే ఆకులు వేసి ఉన్నాయి. కృష్ణవేణమ్మ అందరినీ కూర్చోబెట్టి, పప్పు వడ్డించి, పాయసం గిన్నె తెచ్చి మగ్దలీనమ్మ పక్కన చతికిలబడింది.

"తినొదినా. ఈ పాయసానికి పెద్ద కథుంది. నిన్న మధ్యాహ్నం దాకా ఈయన ఆ పిల్లల లెక్క ముందరేసుకోని కూర్చున్నాడు. పిలిస్తే పలకలా, అన్నానికి లేవలా. ఉన్నట్టుండి లేచొచ్చి, రేపు ముగ్గురు భోజనానికొస్తారు, సంతోషంగా వస్తారు, పాయసం చెయ్యి అన్నాడు."

స్టెల్లా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. శుక్రవారం నుంచి తను పడిన నరకం, ఆదివారం రాని ఫోను, హాలు చివర లేచిన చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆమె ఊళ్ళో అందరిలాగే ఆ చెయ్యిని చూసి భయపడింది. ఆ చెయ్యి గిద్దలూరు నుంచి బస్సెక్కి వచ్చింది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"సార్, ఆ 0.02 మీకు నిన్ననే తెలుసు."

"తెలియదనుకుందాం ముందు" అన్నారు సారు, ఆకులోంచి తలెత్తకుండా.

"జవాబు తెలిసిన ప్రశ్న ఎవర్నీ అడగనన్నారు గదా సార్."

సారు పప్పు కలుపుకోవడంలో మునిగిపోయారు.

"నిన్ననే నాకు ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు గదా సార్?"

"చెప్తే అది నా ప్రశ్న అయ్యేది" అని సారు గొణిగారు. నోరు జారినట్టు అప్పుడు తెలిసి, కళ్ళజోడు కిందికి దించుకున్నారు.

స్టెల్లా ఇక వదల్లేదు. "సరే సార్. నిన్న మీకు 0.02 కాకుండా 0.4 వచ్చి ఉంటే, ఈరోజు ఆ చెయ్యి లేపేవారా?"

చెన్నకేశవులు సారు తినడం ఆపారు. సరిగ్గా అడిగిన ప్రశ్నకి సరిగ్గా జవాబివ్వాలని ముప్పై బ్యాచీల పిల్లలకి చెప్పిన మనిషి, ఇప్పుడు ఎటు తప్పించుకోవాలో తెలియక భార్య వైపు చూశారు. ఆమె నవ్వుతోంది. సారు పాయసం గిన్నె దగ్గరికి జరుపుకున్నారు.

"అట్లా వచ్చుంటే ఈ పొద్దు నాకు గిద్దలూరులో సాయంత్రం దాకా డ్యూటీ ఉండేదమ్మా" అన్నారు.

స్టెల్లా నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపలేకపోయింది. మగ్దలీనమ్మకి ఏమీ అర్థం కాలేదు. "ఏమన్నాడే సారు?" అని అడిగింది.

"ఆకలిగా ఉందంట అమ్మా. ఇంకొంచెం పాయసం వెయ్యమంటాన్నాడు" అంది స్టెల్లా, కళ్ళు తుడుచుకుంటూ.